పిల్లికి వేళలు నేర్పేది ఎవరు?

రాత్రి రెండింటికి హాల్లో ఈ మూల నుంచి ఆ మూలకు పరుగులు పెట్టడం, నాలుగున్నరకు పడకగది తలుపు గీరుతూ అరవడం, మంచమెక్కి దుప్పట్లో కదిలిన కాలిని పట్టుకోవడం. పిల్లిని పెంచే ఇళ్లలో ఇవి కొత్త కాదు. వీటికి సాధారణంగా రెండు కారణాలు చెబుతారు. పిల్లి నిశాచరి, దాని పుట్టుకే అంత, భరించాల్సిందేనన్నది మొదటిది. గారాబం ఎక్కువై కావాలనే చేస్తోంది, నాలుగు తగిలిస్తే దారికొస్తుందన్నది రెండోది. పైకి ఇవి ఒకదానికొకటి పొసగనివే. కానీ రెండింటిలోనూ భారమంతా పిల్లి మీదే పడుతుంది. ఇంటి దినచర్యకు, ఇంట్లోవాళ్లు ఆ చీకట్లో చేసే పనులకు అందులో చోటు లేదు. పిల్లి ఏ వేళ మేలుకోవాలన్నది దాని శరీరం కొంతవరకే నిర్ణయిస్తుంది, మిగిలింది ఇల్లు నేర్పుతుంది అన్నది ఈ అధ్యాయం వాదన. ఇది రుజువైతే రాత్రి గొడవకు మందును పగలు, సాయంత్రం వెతుక్కోవాలి.

ముందు శరీరం సంగతి. మన ఇళ్లలోని పిల్లి పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికాల అడవిపిల్లి సంతతి. ఆ సంగతిని 2007లో కార్లోస్ డ్రిస్కాల్ బృందం జన్యు పరిశీలనతో తేల్చింది. సైప్రస్ ద్వీపంలోని షిల్లూరోకాంబోస్ వద్ద సుమారు 9,500 ఏళ్ల కిందటి సమాధిలో మనిషి పక్కనే పూడ్చిన పిల్లి అస్థిపంజరం దొరికింది. 2004లో ఆ వార్త వెలువడ్డాక, ధాన్యం నిల్వల కోసం ఎలుకలు, ఎలుకల కోసం పిల్లులు మన పంచకు చేరాయన్న ఊహకు బలం వచ్చింది. చిన్న జంతువులు ఎక్కువగా తిరిగేది మునిమాపు వేళ, తెల్లవారుజామున. కనుక వాటి మీద బతికే పిల్లికి కూడా ఆ రెండు సంధ్యలే ముఖ్యమైన వేళలయ్యాయి. దాన్ని నిశాచరి అనడం కన్నా సంధ్యాచరి అనడం సరైనది. మనిషికి కావాల్సిన వెలుగులో ఆరో వంతు ఉన్నా దానికి చూపు ఆనుతుంది. కంటిపొర వెనక ఉన్న అద్దంలాంటి పొర వచ్చిన కాస్త వెలుగునూ మరోసారి కంటిపొర మీదికి తిప్పికొడుతుంది. చెవి ఇంకా సున్నితం. మనకు వినిపించే ధ్వని 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతే, పిల్లి 85 కిలోహెర్ట్జ్ దాకా వినగలదని 1985లో హెఫ్నర్ దంపతుల పరీక్షల్లో తేలింది. అటక మీద ఎలుకలు తమలో తాము చేసుకునే కీచుధ్వనులు మనకు నిశ్శబ్దం, దానికి పిలుపు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఒక చిట్టెలుకలో ఉండేది సుమారు 30 కేలరీల బలం. నాలుగు కిలోల పిల్లికి రోజుకు 200 నుంచి 250 కేలరీలు కావాలి. అంటే స్వేచ్ఛగా బతికే పిల్లి రోజుకు ఏడెనిమిది వేటల్లో నెగ్గాలి, ఓడినవి అంతకు ఎన్నో రెట్లు. దాని కడుపు, దాని నిద్ర, దాని ఉత్సాహం అన్నీ ఈ లెక్కకు తగ్గట్టు తయారయ్యాయి. కాసేపు పొంచి ఉండటం, ఒక్క దూకు, చిన్న ముద్ద, ఒళ్లు నాక్కోవడం, కునుకు, మళ్లీ మొదలు. రోజులో 12 నుంచి 16 గంటలు నిద్రపోయే జంతువు ఒకే పెద్ద నిద్ర పోదు, అనేక చిన్న నిద్రలు పోతుంది. కాబట్టి అర్ధరాత్రి పిల్లి ఒకటి రెండుసార్లు లేవడం రోగమూ కాదు, మొండితనమూ కాదు. లేచాక అది ఏం చేస్తుంది, మనల్ని లేపుతుందా లేదా అన్నది మాత్రం వేరే ప్రశ్న.

ఈ వేళలు ఎంత గట్టివి? ఇటలీలోని మెస్సీనా విశ్వవిద్యాలయంలో జుసెప్పే పిచ్చోనే బృందం 2013లో ప్రచురించిన పరిశీలన దీనికి సూటిగా జవాబిస్తుంది. పిల్లులను రెండు గుంపులుగా చూశారు. ఒక గుంపు చిన్న ఇళ్లలో, యజమానులకు దగ్గరగా ఉండి, రోజుకు కొద్దిసేపే బయటికి వెళ్లేది. రెండో గుంపు పెద్ద ఆవరణలో ఉంటూ రాత్రంతా బయటే గడిపేది. మొదటి గుంపు పిల్లుల చురుకుదనం ఇంటివాళ్ల పగలు, రాత్రులకు అనుగుణంగా సాగింది. రెండో గుంపు రాత్రి జీవితానికి మళ్లింది. రెండు గుంపుల తిండీ, సంరక్షణా దాదాపు ఒకటే. తేడా అంతా మనుషులతో ఎంత కలిసి బతుకుతున్నాయి, రాత్రి ఎక్కడుంటున్నాయి అన్నదే. గుంపుకు అయిదేసి పిల్లులతో చేసిన పరిశీలన మీద అంత బరువు పెట్టవచ్చా అని అడగడం న్యాయమే. ఒంటరిగా అది చాలదు. కానీ దాని పక్కన నిలిచే సాక్ష్యం వేరే వైపు నుంచి వచ్చింది. మెదడులో వెలుగును బట్టి నడిచే ప్రధాన గడియారం ఒకటి ఉంది. 1979లో స్టీఫన్ బృందం ఎలుకల్లో ఆ భాగాన్ని తొలగించి చూసింది. ప్రతిరోజూ ఒకే వేళకు తిండి పెడుతుంటే, ఆ గడియారం లేని ఎలుకలు కూడా తిండి వేళకు ముందే లేచి తచ్చాడడం మొదలుపెట్టాయి. అంటే వెలుగు గడియారంతో సంబంధం లేకుండా, తిండి వేళలు గుర్తుపెట్టుకునే ఏర్పాటు శరీరంలో విడిగా ఉంది. పాలిచ్చే జంతువుల్లో చాలావాటిలో ఇలాంటి ఏర్పాటు కనిపిస్తుంది. పొద్దున్నే అయిదింటికి గిన్నె నింపే ఇంట్లో పిల్లి నాలుగున్నరకే తలుపు దగ్గర నిలబడటానికి మూలం ఇదే. ఆ వేళను అడవి నేర్పలేదు, గిన్నె నేర్పింది.

గిన్నె నేర్పినదానికన్నా బలంగా తలుపు నేర్పుతుంది. ఈ సంగతి అర్థం కావాలంటే న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ చేసిన ప్రయోగాల దాకా వెళ్లాలి. 1898లో ఆయన ఆకలిగా ఉన్న పిల్లులను చెక్కపెట్టెల్లో పెట్టి, బయట తిండి ఉంచాడు. లోపల తాడు ఉచ్చు లాగితేనో, మీట నొక్కితేనో తలుపు తెరుచుకుంటుంది. పిల్లి మొదట కనబడ్డ ప్రతిదాన్నీ గీరింది, కొరికింది, చువ్వల మధ్య తల దూర్చింది. ఎప్పుడో యాదృచ్ఛికంగా ఉచ్చు లాగింది. మళ్లీ మళ్లీ పెట్టెలో పెట్టేకొద్దీ పనికిరాని చేష్టలు రాలిపోయి, పని చేసిన చేష్ట ఒక్కటే మిగిలింది, బయటపడే సమయం క్రమంగా తగ్గింది. ఫలితం ఇచ్చిన చేష్ట నిలుస్తుంది, ఇవ్వనిది వాడిపోతుంది అన్న సూత్రాన్ని ఆయన అక్కడి నుంచే తీశాడు. పాఠ్యపుస్తకాల్లో ఇంతవరకే చెబుతారు. మన విషయానికి ఇంకా విలువైనది మరో పెట్టె. దానిలో మీట లేదు, ఉచ్చు లేదు. పిల్లి తన ఒళ్లు నాక్కుంటేనో గోక్కుంటేనో థార్న్‌డైక్ స్వయంగా తలుపు తీసేవాడు. ఒళ్లు నాక్కోవడానికీ తలుపుకూ ఏ సంబంధమూ లేదు. అయినా పిల్లులు అదీ నేర్చుకున్నాయి. పెట్టెలో పెట్టగానే పంజాను ఒకసారి అలా నాకి ఊరుకునేవి. తలుపు తీసేది యంత్రమా, మనిషా అన్నది పిల్లికి పట్టలేదు. తాను చేసినదాని వెంట తలుపు తెరుచుకుందా లేదా అన్నదే దానికి లెక్క.

పడకగది తలుపు దగ్గర జరిగేది అచ్చంగా ఇదే. పిల్లి గీరుతుంది, అరుస్తుంది, అలమారా మీది సీసాను నెడుతుంది. వీటిలో ఏదో ఒకదానికి మనిషి లేస్తాడు. లేచి తిండి పెట్టనవసరం లేదు. దీపం వేయడం, పేరు పెట్టి పిలవడం, చివరికి తిట్టడం కూడా ఫలితమే. ఇంట్లో మరెవరూ మేలుకొని లేని వేళ, ఒంటరిగా ఉన్న జంతువుకు మనిషి ముఖం కనబడటం పెద్ద బహుమానం. పైగా పిల్లి గొంతు ఈ పనికి బాగా పదునెక్కింది. పెద్ద పిల్లులు తమలో తాము మ్యావ్ మనడం చాలా అరుదు, ఆ పిలుపును ఎక్కువగా మనుషుల కోసమే వాడతాయి. కార్నెల్ విశ్వవిద్యాలయంలో నికొలస్ నికాస్ట్రో ఆఫ్రికా అడవిపిల్లుల అరుపులనూ పెంపుడు పిల్లుల అరుపులనూ మనుషులకు వినిపిస్తే, పెంపుడు పిల్లులవే చెవికి ఇంపుగా ఉన్నాయన్నారు. 2009లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో కారెన్ మెకాంబ్ బృందం ఇంకో సూక్ష్మం పట్టుకుంది. తిండి అడిగేటప్పుడు పిల్లి చేసే గుర్రుగుర్రు శబ్దం మామూలుది కాదు. దాని లోపల పసిబిడ్డ ఏడుపుకు దగ్గరగా ఉండే సన్నని స్వరం కలిసి ఉంటుంది. పిల్లిని ఎన్నడూ పెంచనివాళ్లు కూడా ఆ రెండు గుర్రులను పోల్చి, తిండి అడిగే గుర్రులో తొందర ఎక్కువ ఉందని గుర్తించారు. ఇంటింటికీ పిల్లి అడిగే తీరు మారడానికి కారణం ఊహించవచ్చు. ఏ ఇంట్లో ఏ స్వరానికి మనిషి లేస్తాడో, ఆ ఇంటి పిల్లి దగ్గర ఆ స్వరం మిగులుతుంది.

ఇక్కడే ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. పట్టించుకోకుండా ఉండి చూశాం, గొడవ తగ్గకపోగా పెరిగింది అని చాలామంది అంటారు. వాళ్లు చూసింది నిజమే. అప్పటిదాకా ఫలితం ఇచ్చిన చేష్టకు ఉన్నట్టుండి ఫలితం ఆగిపోతే, జంతువు వెంటనే మానదు. ముందు దాన్ని రెట్టింపు చేస్తుంది, గట్టిగా, ఎక్కువసేపు, కొత్త కొత్త రకాలుగా. ఆ తర్వాతే తగ్గుముఖం పడుతుంది. సరిగ్గా ఆ శిఖరం మీద ఉండగా, అంటే మూడో రాత్రో నాలుగో రాత్రో, ఇంట్లో ఎవరో ఒకరు ఓపిక చచ్చి తలుపు తీస్తారు. అప్పుడు పిల్లి నేర్చుకున్నది ఏమిటి? గంటసేపు అరిస్తే తలుపు తెరుచుకుంటుందని. ఫెర్‌స్టర్, స్కిన్నర్ 1957లో వెలువరించిన పెద్ద గ్రంథంలోనూ, ఆ తర్వాత లెక్కలేనన్ని ప్రయోగాల్లోనూ తేలిందేమంటే, ప్రతిసారీ దొరికే ఫలితంకన్నా అప్పుడప్పుడు దొరికే ఫలితం అలవాటును చాలా మొండిగా నిలబెడుతుంది. పదిసార్లలో ఒక్కసారి లేచే ఇల్లు, ప్రతిసారీ లేచే ఇంటికన్నా పట్టుదల గల పిల్లిని తయారుచేస్తుంది. మన ఇళ్లలో ఇది మరింత సులభంగా జరుగుతుంది. కొడుకూ కోడలూ పట్టించుకోకూడదని నిర్ణయించుకుంటే, తెల్లవారకముందే లేచే నాయనమ్మ పాపం ఆకలేమోనని కాసిన్ని పాలు పోస్తుంది. పిల్లి ఏడుపు ఇంటికి కీడని నమ్మే పెద్దలుంటే, ఆ ఏడుపు ఆపడానికి ఏదో ఒకటి పడేయడం రివాజు. వాళ్లది దయే, లేదా భయమే. కానీ పాఠం చెప్పేది వాళ్లే అవుతారు. ఇంట్లో అందరూ ఒక మాట మీద లేకపోతే పట్టించుకోకుండా ఉండే పద్ధతిని మొదలుపెట్టకపోవడమే మేలు.

రెండో అభ్యంతరం నైతికమైనది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అరిచే ప్రాణిని పట్టించుకోకపోవడం క్రూరత్వం కాదా? దాని అవసరం తీర్చకుండా చెవులు మూసుకుంటే క్రూరత్వమే. పగలంతా తాళం వేసిన ఫ్లాట్‌లో ఒంటరిగా పడుకున్న పిల్లి రాత్రి ఆడాలనుకోవడం కోరిక మాత్రమే కాదు, అవసరం. ఇంటివాళ్లు ఆఫీసు నుంచి వచ్చేసరికి దాని నిద్ర పూర్తయింది, ఒక్క వేటా జరగలేదు. అందుకే రాత్రి మౌనానికి సాయంత్రం ఆట ముందు షరతు. సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో సారా హాల్, జాన్ బ్రాడ్‌షా 1998లో చేసిన పరిశోధనలో, ఆకలిగా ఉన్న పిల్లులు బొమ్మలతో మరింత తీవ్రంగా ఆడాయి, మామూలుగా జంకే పెద్ద బొమ్మల మీదికీ దూకాయి. ఆకలి వేటను ఎలా పెంచుతుందో ఆటనూ అలాగే పెంచింది. పిల్లి ఆటనూ వేటనూ నడిపేది ఒకే ప్రేరణ అనడానికి ఇది మంచి ఆధారం. 2002లో వాళ్లే చూపిన ఇంకో సంగతి ఇంట్లో వెంటనే పనికొస్తుంది. ఒకే బొమ్మ ముందు పెడుతుంటే పిల్లి ఆసక్తి పడిపోతుంది, బొమ్మ మార్చగానే తిరిగి లేస్తుంది. ఖరీదైన బొమ్మ కొని మూలన పడేస్తే పిల్లి ఆడటం లేదని నిరాశపడేవాళ్లు ఇది గమనించాలి. దారానికి కట్టిన ఈక, నలిపిన కాగితం ఉండ, అట్టపెట్టె ఏదైనా సరే, మారుతూ ఉండాలి, ఎలుకలా పారిపోతూ ఉండాలి, చివరికి పంజాకు చిక్కాలి. గోడ మీద ఎర్ర చుక్క పరిగెత్తించే లేజర్ దీపంతో ఆ చివరి మెట్టు ఉండదు. వాడితే చుక్కను ఒక తిండి పలుకు మీద ఆపి ముగించాలి. ఆట అయిన వెంటనే రాత్రి భోజనం పెట్టాలి. పొంచడం, దూకడం, తినడం, ఒళ్లు నాక్కోవడం, నిద్ర అన్న పాత క్రమాన్ని మనం పడుకునే వేళకు ముగిసేలా అమర్చడమే దీని రహస్యం.

ఆట నిజంగా వేట కోరికను తగ్గిస్తుందా, లేక ఇంకా రెచ్చగొడుతుందా? 2021లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్లు బయట తిరిగే పిల్లుల మీద దీన్ని పరీక్షించారు. రోజుకు అయిదు నుంచి పది నిమిషాలు ఇంటివాళ్లు ఆడిస్తే పిల్లులు ఇంటికి తెచ్చే వేట జంతువులు 25 శాతం తగ్గాయి. మాంసం వాటా ఎక్కువున్న తిండి పెడితే 36 శాతం తగ్గాయి. ఈ రెండో అంకె మన రాష్ట్రాల్లో ప్రత్యేకంగా ఆలోచించదగ్గది. ఇక్కడ ఎన్నో ఇళ్లలో పిల్లి తిండి అంటే పాలన్నం, పెరుగన్నం. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు. పైగా వాటికి టారిన్ అనే పదార్థం మాంసం, చేపల నుంచే అందాలి. అది కొరవడితే కంటిపొర దెబ్బతింటుందని 1975లోనూ, గుండె కండరం సాగి బలహీనపడుతుందని 1987లోనూ రుజువైంది. అన్నంతో కడుపు నిండినా మాంసకృత్తుల లోటుతో వేట వైపు లాగే పిల్లి రాత్రి ఊరుకుంటుందని ఆశించడం తర్కం కాదు. శాకాహారుల ఇంట్లో ఇది ఇబ్బందికరమైన విషయమని తెలుసు. అయినా పిల్లిని తెచ్చుకునేముందు తేల్చుకోవాల్సింది ఇదే.

ఇక తెల్లవారుజాము భోజనం. దీనికి నాకు తెలిసినంతలో టైమర్ ఉన్న ఫీడర్ మంచి పరిష్కారం. అది బద్ధకస్తుల సాధనమని చిన్నచూపు చూడటం తగదు. అది చేసే అసలు పని మనిషికీ గిన్నెకూ మధ్య ముడి విప్పడం. నాలుగున్నరకు మూత దానంతటదే తెరుచుకుంటే, పిల్లి వెళ్లి యంత్రం ముందు కూర్చుంటుంది, తలుపు గీరి లాభం లేదని నేర్చుకుంటుంది. తిండిని బొమ్మల్లో దాచి వెతుక్కునేలా చేయమని కూడా సలహా ఇస్తుంటారు. దీనికి మాత్రం ఒక హద్దు ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లో మైకెల్ డెల్గాడో బృందం 2021లో 17 పిల్లుల ముందు పళ్లెంలో తిండినీ, తంటాలు పడితే గాని రాని తిండినీ పక్కపక్కనే పెట్టింది. ఎక్కువ పిల్లులు పళ్లెం వైపే మొగ్గాయి. దాచిన తిండి వృథా అని దీనర్థం కాదు. ఒంటరి పగటిపూట కాలక్షేపంగా అది పనికొస్తుంది. మనిషితో ఆడే ఆటకు బదులు కాలేదు.

ఇంతవరకు చెప్పిన వాదనకు ఒక సరిహద్దు ఉంది. దాన్ని దాటిన చోట ఈ పద్ధతి వాడటం ప్రమాదం. ఆపరేషన్ కాని ఆడపిల్లి రాత్రంతా గొంతెత్తి అరుస్తూ, నేల మీద దొర్లుతూ, నడుము వంచి తోక పక్కకు పెడుతుంటే అది ఎదకు వచ్చింది. నేర్చుకున్న అలవాటు కాదు కనుక, పట్టించుకోకపోయినా పోదు. పిల్లి ఎద పగటి వెలుగు నిడివిని బట్టి నడుస్తుంది. యూరప్‌లో శీతాకాలం దానికి విరామం ఇస్తుంది. హైదరాబాద్‌లో ఏడాదిలో అతి చిన్న పగలు సుమారు 11 గంటలు, అతి పెద్దది 13 గంటల పైచిలుకు. దానికి తోడు ఇంట్లో రాత్రి పదకొండు దాకా దీపాలు. అందుకని ఇక్కడ విరామం స్వల్పం. జతకట్టకపోతే రెండు మూడు వారాలకోసారి ఎద మళ్లీ వస్తుంది. దీనికి ఆపరేషన్ ఒక్కటే మార్గం, నాలుగైదు నెలల వయసు నుంచే చేయించవచ్చు. మగపిల్లి రాత్రి బయటికి పోవాలని చేసే రభస కూడా ఆపరేషన్‌తో చాలావరకు తగ్గుతుంది.

ముసలి పిల్లి సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. పదేళ్లు నిశ్శబ్దంగా ఉన్న పిల్లి ఉన్నట్టుండి అర్ధరాత్రి అరవడం మొదలుపెడితే, ముందు వెళ్లాల్సింది పశువైద్యుడి దగ్గరికి. పిల్లుల్లో థైరాయిడ్ గ్రంథి మితిమీరి పనిచేసే జబ్బును న్యూయార్క్ వైద్యులు 1979లో మొదటిసారి వర్ణించారు. ఇప్పుడది ముసలి పిల్లుల్లో సాధారణ వ్యాధుల్లో ఒకటి. బాగా తింటూ చిక్కిపోవడం, నిలకడ లేకపోవడం, రాత్రి అరుపులు దాని గుర్తులు. రక్తపోటు, మూత్రపిండాల వ్యాధి, కీళ్ల నొప్పి, చెవుడు, చూపు పోవడం, మతిమరుపు అన్నీ ఇదే అరుపుగా బయటపడవచ్చు. 11 నుంచి 14 ఏళ్ల పిల్లుల్లో 28 శాతానికి, 15 దాటినవాటిలో సగానికి పైగా మెదడు మందగించిన లక్షణం కనీసం ఒకటి కనబడుతుందని లెక్కగట్టారు. చీకట్లో దారి తెలియక అరిచే ముసలి పిల్లికి చిన్న దీపం, దగ్గరలో లిట్టర్ ట్రే, ఒక మనిషి గొంతు కావాలి. దానికి తలుపు మూసి పాఠం చెప్పబూనడం అన్యాయం. నొప్పేమోనని మనుషుల మాత్ర వేయడం అంతకన్నా ఘోరం. పారాసెటమాల్‌ను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు, ఒక్క మాత్ర దాని ప్రాణం తీయగలదు.

నీళ్లు చిమ్మడం, చప్పుడు చేసి బెదిరించడం అన్న మందుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. బెదిరిన పిల్లి మనకు భయపడటం నేర్చుకుంటుంది, రాత్రి ఆకలి మాత్రం అలాగే ఉంటుంది. తోడుగా ఇంకో పిల్లిని తెస్తే రెండూ ఆడుకుంటాయన్నది పిల్లకూనల విషయంలో కొంత నిజం. పెద్ద పిల్లి ఇంట్లోకి అపరిచితమైన పెద్ద పిల్లిని తెస్తే రాత్రి పోట్లాటలు అదనం కావచ్చు. రాత్రి బయటికి వదిలేస్తే పీడ పోతుంది కదా అనేవాళ్లకు మెస్సీనా పిల్లులే సమాధానం. బయట గడిపిన రాత్రులు దాన్ని మరింతగా రాత్రి జీవిని చేస్తాయి. వీధికుక్కలు, వాహనాల ముప్పు సరేసరి.

మార్పు ఒక్క రాత్రిలో రాదు. ముందు తిండి, ఆట వేళలు కుదిర్చి, ఫీడర్‌కు పిల్లి అలవాటుపడ్డాకే తలుపు మూయడం మొదలుపెట్టాలి, ఆ క్రమం తప్పకూడదు. లేచిన వెంటనే గిన్నె నింపే అలవాటును ఇంట్లో అందరూ మానాలి. ముఖం కడుక్కుని, కాఫీ తాగాకే పెట్టాలి. ఫీడర్‌ను మొదట పిల్లి ఇప్పుడు లేస్తున్న వేళకు కొద్దిగా ముందే పెట్టాలి, అరుపు మొదలయ్యాక తెరుచుకుంటే అరుపే దాన్ని తెరిచిందని అది అనుకుంటుంది. వారం పాటు తలుపు దగ్గర నిశ్శబ్దంగా ఉంటే, రెండు మూడు రోజులకోసారి ఆ వేళను పది నిమిషాల చొప్పున ఆలస్యంగా జరపవచ్చు. ఏ రోజైనా అరుపు తిరిగి మొదలైతే అంతకుముందు కుదిరిన వేళకు వెళ్లి, అక్కడ మరికొన్ని రోజులు ఆగి, మళ్లీ జరపాలి.